నాలుగో గడి

కోట్కా ఊరి చివర, రేవు దగ్గరి రేకుల షెడ్డులో
నూట పన్నెండు ఇళ్ల చెత్త సంచులు.
బయట మంచు. లోపల మంచు లేదు, చలి మాత్రం అదే.

రైలి కత్తితో సంచి పొట్ట కోస్తుంది.
ఎస్కో కాటా మీద పెడతాడు. నేను రాస్తాను.
కాగితం మీద నాలుగు గళ్లు:
మళ్లీ వాడొచ్చు,
బాగుచేయొచ్చు,
కరిగించి ఇంకోటి చేయొచ్చు,
ఇక చేసేదేం లేదు.

గుండీ ఊడిన పాపానికి ఉన్ని కోటు.
పిడి వదులైన మూకుడు.
సగం తిన్న రై రొట్టె, ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇంకా పొయ్యి వాసన.
జామ్ సీసా అడుగున
ఎవరో ఓపిగ్గా గీకిన చెంచా గీతలు.

"వీళ్ల మీద కోపం రాదా?" అన్నాను.
"ఇది మా వీధే," అంది రైలి, తలెత్తకుండా.

నలభయ్యో సంచిలో చిన్న రేడియో.
ఎస్కో తన టార్చిలోంచి బ్యాటరీలు తీసి వేశాడు.
గరగర. తర్వాత ఒక ఆడగొంతు
సముద్రంలో ఉన్నవాళ్ల కోసం
గాలి ఎటు వీస్తుందో చదవసాగింది.
చేతి తొడుగులతో అలాగే నిలబడి విన్నాం,
ముగ్గురిలో ఒక్కరికీ పడవ లేదు.

సాయంత్రానికి నాలుగో గడిలో మిగిలింది మూడు డ్రమ్ములు,
అందులో రెండు పసిపిల్లల డైపర్లు.
రేడియో బరువు రాయడం మరిచిపోయాను.
మరిచిపోయాననే చెప్పాను.

దీపాలార్పే ముందు రైలి ఆ కోటును తిరగేసి చూసింది.
లోపల అస్తరు మీద, కొన్న రోజు కుట్టి ఉన్నట్టే,
ఇంకో గుండీ.