ఒళ్లంతా దిష్టిచుక్క

నలభై ఏడో ఏట
లీడ్స్ మార్కెట్లో, చేపల కొట్ల వెనక వరసలో,
బట్టలు సరిచేసే మాక్సీన్ దగ్గర
నలుపు నేర్చుకోవడానికి చేరాను.

బోర్డు లేదు, ఫీజు లేదు.
ప్యాంటు జిప్పు బాగుచేయించుకోడానికి వెళ్లి
ఆమె వేళ్లకున్న వెండి గబ్బిలాల్ని చూస్తూ నిలబడిపోతే
"బుధవారం రాత్రి ఖాళీయేనా?" అంది. అంతే.

ఆమెకి అరవై మూడు. మోకాలికి ఆపరేషనైంది.
జుట్టు మాత్రం ఇంకా
పిడుగు పడ్డ తాటిచెట్టు.

మొదటి పాఠం: నలుపు ఒక్కటి కాదు.
మఖమల్ నలుపు వెలుతురు తాగేస్తుంది,
శాటిన్ నలుపు తాగింది కక్కేస్తుంది,
ఉతికి ఉతికి అరిగిన నలుపు ఉంటుందే,
అది వంకాయ రంగుకి తిరుగుతుంది.
దానికి సిగ్గుపడకు, అది సీనియారిటీ.

రెండో పాఠం: ఫోటోలో నవ్వకు.

నాకు నవ్వొచ్చింది.
ఎనిమిదో క్లాసులో, తెనాలిలో,
నేను వేలు పెట్టి చూపించిన నల్ల గుడ్డని
షాపువాడి చేత మళ్లీ మడతపెట్టించి
మా మేనత్త సుభద్రమ్మ అంది కదా,
"దీనికి నల్ల గౌనా! కరెంటు పోతే పళ్లు తప్ప కనపడదు."
షాపువాడు కూడా నవ్వాడు.
చిలకపచ్చ కొన్నారు.
ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేను చిలకపచ్చే.

ఇదిగో అత్తా,
ఇప్పుడు పళ్లు కూడా కనపడనివ్వడం లేదు.

మూడో పాఠం దగ్గర చిక్కొచ్చింది. పౌడరు.
మాక్సీన్ డబ్బా మూత తీసింది: శవం రంగు.
సగం మొహానికి రాసుకుని అద్దంలో చూస్తే
ముగ్గు మధ్యలో వదిలేసి ఎవరో లేచిపోయిన వాకిలి.
అప్పుడు తెల్లబడమని రాశారు,
ఇప్పుడు చచ్చినట్టుండమని.
రెండు డబ్బాలదీ ఒకటే వాసన.
తడిగుడ్డతో తుడిచేశాను.
మాక్సీన్ కాసేపు మాట్లాడలేదు.
తర్వాత మూత బిగించి, "సరే, కళ్లు పట్టు" అంది.

కాటుకా! అది నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఆమె పెన్సిల్ పక్కన పెట్టి
ఉంగరపు వేలితో తీర్చుకున్నాను,
కింద, పైన, కణతల దాకా.
వేలికి ఇంకా మిగిలితే, అలవాటు ఊరుకోదుగా,
చెంప మీద ఒక చుక్క.
"అదేంటి?"
"దిష్టి తగలకుండా. పసిపిల్లలకి పెడతాం."
మాక్సీన్ తన నల్ల లేసు, నల్ల గోళ్లు, నల్ల బూట్లు
పైనుంచి కిందికి చూసుకుని
"మరి నలభై ఏళ్లుగా నేను చేస్తున్నదేంటట?" అంది.

రైలు వంతెన కింద క్లబ్బు. నేలంతా జిగురు.
పొగ యంత్రం దగ్గుతోంది, పక్కన ఎవరో దగ్గుతున్నారు.
ఇక్కడ నాట్యమంటే
చేతులు గాల్లోకెత్తి, కనపడని సాలెగూళ్లని
ఒక్కొక్కటే మెల్లగా లాగడం.

బూజు దులపడమా!
ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్టూలెక్కి,
ప్రతి పండక్కీ ముందు ఆ పని నాదే.
ఎత్తాను చేతులు.
మూలలు, దూలాలు, ఫ్యాను రెక్కల వెనక,
ఎవరి ఎత్తుకీ అందని అటకల మీద
ఏళ్ల తరబడి వేలాడుతున్నదంతా.
పొడుగు కోటు కుర్రాడొకడు, బహుశా అకౌంటెంటు,
నన్ను చూసి నా స్టెప్పే వేశాడు.

ఆఖరి బస్సులో డ్రైవరు అడిగాడు,
"ఎవరైనా పోయారా, లవ్?"
ఈ ఊళ్లో అందరూ అందరికీ లవ్వే.
జవాబు వెతుక్కునేలోపు
బస్సు నది దాటేసింది.

పొద్దున మందుల షాపు. తెల్లకోటు.
బీపీ మాత్రల కోసం వచ్చిన పెద్దాయన
కళ్ల కింద చూసి, "నిద్ర లేదా అమ్మా?" అన్నాడు.
లేదన్నాను.
సంచి అందిస్తుంటే చూశాను,
కొబ్బరినూనె పెట్టి ఎంత తోమినా
ఉంగరపు వేలు ఇంకా నల్లగానే ఉంది.