అద్దం మీద గుట్ట

ఖాళీ నూనె డ్రమ్ముల ఇసుక నింపి
దాని మీద గాజుబిళ్ల పెట్టినం.
పద్నాలుగు ఇంచుల వెడల్పు, మూడేండ్ల పిల్లంత బరువు.
తిరుగుడే పని.
ఆరు తోపులు, ఒక అడుగు.
ఆరు తోపులు, ఒక అడుగు.
పీరీల గుండం చుట్టు తిరిగినట్టున్నదంటే
"డప్పు లేదు గద సారూ" అన్నడు ఓదెలు.

శనిని చూడాలని ఇదంతా.
"కోరి శనిని ఇంటికి తెచ్చుకునేటోళ్లను
మిమ్ములనే చూసిన" అంటది మా వజ్రమ్మ.

నేను కాజీపేట డీజిల్ షెడ్డుల ఫిట్టర్ని.
మిల్లీమీటర్ల నూరోవంతు దాక నా చేతికి తెలుసు.
ఈ అద్దం అడిగేది దానికి నూరింతల సన్నం.
ఓదెలు ముప్పై ఏండ్లు గ్రానైటుకు పాలిష్ పట్టినోడు,
కరీంనగర్ దిక్కు గుట్టలన్నీ కోసి
ఓడలెక్కించినంక మిగిలిన మనిషి.
వేళ్ల మీది గీతలు ఆ రాళ్లతోనే పోయినయి.
రేషన్ దుకాణంల మిషిన్ మీద బొటనవేలు పెడితే
"మల్ల పెట్టు" అంటది.
తుడిచి పెడితే మల్ల అదే మాట.
ఆ నెల బియ్యం కోడలి వేలు మీద వచ్చినయి.

ఎనభై నంబరు పొడి, నూట ఇరవై, రెండొందల ఇరవై...
నంబరు మారినప్పుడల్లా స్నానం:
డ్రమ్ముకు, బకెట్లకు, మాకు.
ఒక్క ముతక పలుకు గోరు సందున దాగినా
నెల పని మీద గీత పడ్తది.
పడ్డది.
నాలుగు దినాలు రాలేదు ఓదెలు.
అయిదో దినం గోర్లు మొదలంట కత్తిరించుకొని వచ్చి
ఏం మాట్లాడకుండ
ముతక పొడి డబ్బా మూత తీసిండు.

పరీక్ష రాత్రి పూట.
కూలర్ బందు, ఫ్యాను బందు.
గాలి నిద్రపోయేదాక ఆగాలె.
వంటింటి గడప నుంచి దేవుని అర్ర దాక పన్నెండడుగులు:
ఆ కొసన అద్దం,
ఈ కొసన సూది బెజ్జమంత వెలుతురు, గడ్డం గీసే బ్లేడు.
వెలుతురు తిరిగొచ్చి కలిసే చోట
బ్లేడును వెంట్రుకవాసి జరిపితే
నున్నగ ఉన్నదనుకున్న గాజు
పొద్దు వాలినప్పటి చెల్క లెక్క
దిబ్బలు, గుంతలు, వాలిన అంచు, అన్నీ ఒప్పుకుంటది.

రెండు గంటల పదికి బొగ్గు గూడ్సు.
ఆఖరి వ్యాగన్ పోయేదాక
బాల్చీల నీడ లెక్క వణికింది అద్దం.
మా షెడ్డు ఇంజనే గుంజుతున్నది, ఎవల్ని తిట్టాలె?

చప్పుడు ఆగినంక ఓదెలు లేచి పోయి
అద్దం నడుమ బొటనవేలు ఆనిచ్చిండు.
ఇరవై లెక్కపెట్టి తీసిండు.
"దీనికన్న తెలుస్తదేమో చూడు సారూ."

చూసిన.
వేలు పెట్టిన జాగల
ఒక గుట్ట లేచి నిలబడ్డది,
ఒక దిక్కు వెలుతురు, ఒక దిక్కు నీడ.
వేలి వేడికి గాజు పొంగింది, అంతే.
నాకు తెలుసు. ఎంత ఎత్తో లెక్క కూడ చెప్పగలను.
చెప్పలేదు. జరిగి జాగిచ్చిన.
ఒక కన్ను మూసి వంగిండు ఓదెలు.
చానాసేపు లేవలేదు.
"మా ఊరిది అచ్చం గిట్లనే ఉండె" అన్నడు.

మెల్లమెల్లగ చల్లారి
గుట్ట గాజులకే దిగిపోయింది.

అంచు ఇంకా వాలే ఉన్నది.
పొద్దున మల్ల తోపాలె, సన్నగ, నలభై నిమిషాలు.
మూడున్నరకు ఇంకో గూడ్సు.
ఆలోపల ఇంకోసారి చూద్దామని
బొటనవేలు లుంగీకి తుడుచుకుంటున్నడు ఓదెలు.