రమ్మని పొగ

మొదటిరోజు నాకు మొక్క చూపించలేదు.
ఒక బ్లేడు ఇచ్చారు, ఒక భూతద్దం, పది గింజలు.
"కొయ్యి" అంది మెర్ల్ సెప్టెంబర్.
ఆవగింజలో సగం లేవవి.
వేలికొనతో అదిమిపట్టి కోశాను.
లోపల తెల్లగా, మెత్తగా ఉంటే ప్రాణం.
వట్టి గాలి ఉంటే తాలు.
ఆరు తెలుపు, నాలుగు తాలు.
"పదింటిని చంపాం కదా,
మిగతా నాలుగు వేలలో ఎన్ని బతికున్నాయో తెలిసింది.
రాసుకో."
రాసుకున్నాను గానీ
ఆ ఆరింటినీ చాలాసేపు చెత్తబుట్టలో వెయ్యలేకపోయాను.

కేప్‌టౌన్‌లో ఆగస్టంటే వాన.
కిటికీ అవతల తోటంతా నానుతుంటే
ఆరబెట్టే గదిలో నోరు తెరిస్తే నాలుక పిడచకట్టేది.
గాజుసీసాల అడుగున నీలం గుళికలు.
తేమ తగిలితే గులాబీరంగుకి తిరుగుతాయి.
"అవి సిగ్గుపడ్డాయంటే
మనం భయపడాలి" అని మెర్ల్ హాస్యం.

ఇన్ని యంత్రాల మధ్య
గోడకి ఒక చేట వేలాడుతుంది.
మా అమ్మమ్మ జొన్నలు చెరిగిన చప్పుడే
ఇక్కడా, మరీ సన్నగా.
ఊపిరి గట్టిగా వదిలితే
ఒక కొండవాలు వాలంతా ఎగిరిపోతుంది.

కొన్ని గింజల కొసన చిన్న నూనెముద్ద ఉంటుంది.
అది చీమలకి కూలి.
పుట్టలోకి మోసుకుపోయి, ముద్ద తినేసి,
గింజని చీకట్లో వదిలేస్తాయి,
ఎలుకకి దొరకనంత, మంటకి అందనంత లోతున.
"మనకన్నా ముందు ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు" అంటుంది మెర్ల్.
గదిలో చీమ కనబడితే
కాగితం మీదికెక్కించి బయట దించి వస్తుంది.

లేబుల్లో తొమ్మిది గడులు.
ఏ చోటు, ఏ వాలు, ఏ మట్టి, ఎంత ఎత్తు,
పక్కన ఏ మొక్కలున్నాయి...
ఆ గడి ఖాళీగా వదిలేస్తే పొట్లం వెనక్కొచ్చింది.
మూడోసారి కూడా వెనక్కొచ్చాక విసుక్కున్నాను,
"గింజ చేతిలో ఉందిగా,
పొరుగున ఎవరుంటే ఏం?"

మెర్ల్ కళ్లద్దాలు తీసింది.
"నా ఇంటిపేరేంటి?"
"సెప్టెంబర్."
"అది పేరు కాదు. ఓడ దిగిన నెల.
బానిసల్ని దించి, పద్దులో నెల రాసుకున్నారు.
ఏ ఊరో రాయలేదు.
ఏ భాషలో ఏడ్చిందో రాయలేదు.
పక్కన ఎవరు నిలబడ్డారో రాయలేదు.
గడి నింపు, జోలిస్వా."

నింపాను.

నేను పుట్టకముందు కోసిన ఎరికా పొట్లం ఒకటి
చలిపెట్టె అడుగున దొరికింది.
"పంపుహౌస్ వెనక, తడి ఇసుక, పక్కన రెల్లు."
వెతుక్కుంటూ వెళ్లాం.
పంపుహౌస్ లేదు, రెల్లు లేదు.
ఒక టైర్ల కొట్టు, దాని ముందు సిమెంటు.
"ఏం పోగొట్టుకున్నారు?" అనడిగాడు కొట్టువాడు.
"ఇక్కడే ఎక్కడో ఉండాలి" అంది మెర్ల్,
తాళంచెవుల సంగతి చెప్పినట్టు.

తిరిగొచ్చాక ఫరీద్ తాత డ్రమ్ములో
ఎండుపుల్లల మీద పచ్చిరొట్ట కప్పి అంటించాడు.
గొట్టం గుండా పొగ
ప్లాస్టిక్ గుడారంలోకి పాకింది.
లోపల ట్రేలలో రెండు వందల గింజలు.

పొమ్మనలేక పొగబెట్టడం
మనుషులు నేర్చిన మర్యాద.
ఈ కొండల్లో గింజకి పొగంటే కబురు:
పైన తగలబడింది,
నీమీద నీడ పరిచినవాళ్లు బూడిదయ్యారు,
చోటు ఖాళీ, లేచి రా.
కబురు అబద్ధమని మాకు తెలుసు.
కాలిందేమీ లేదు,
పైన సిమెంటు చెక్కుచెదరలేదు.
నా కళ్లు మండాయి. పొగకే అనుకుంటా.

ముప్ఫై రోజులు ఏమీ లేదు.
నలభై. మెర్ల్ ట్రేల వైపు చూడడం మానేసింది.
నేనే పొద్దున్నే వచ్చి
భూతద్దంతో ఇసుకని దువ్వేదాన్ని.
యాభై ఒకటో రోజు రెండు పచ్చటి చుక్కలు.
అరిచాను. ఫరీద్ తాత నీళ్లగొట్టం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

వారం తిరిగేసరికి
అందులో ఒకటి నాచని తేలింది.

రెండోదాన్ని బొటనవేలంత కుండీలోకి మార్చి
కొత్త లేబుల్ తీశాను.
చోటు: తోట, మూడో బల్ల.
వాలు: లేదు.
పక్కన ఏ మొక్కలున్నాయి?
పెన్ను కొరుకుతూ కాసేపు కూర్చుని
"నాచు" అని రాశాను.

మెర్ల్ చదివింది.
వెనక్కి పంపలేదు.