బుడ్డల పొట్టు రంగు

ఎడమ తలుపు మీద జానెడు గీత.
కళ్యాణదుర్గం రోడ్డులో ఏదో ట్రాలీ కొక్కెం
ఇట్ల వచ్చి అట్ల పోయింది.

గుత్తి రోడ్డు షెడ్డులో హుస్సేనప్ప
గీతను చూడనే లేదు.
పెట్రోలు మూత తెరిచి, లోపలి అంచున వేలు పెట్టి
"ఇదీ సార్, పుట్టినప్పటి రంగు" అన్నాడు.
మూత మూసి, పక్కనే రేకు మీద అరచెయ్యి ఆనించి
"ఇది పదమూడు ఎండాకాలాల రంగు.
మీకు ఏది కావల్ల?"

కంపెనీ కాగితంలో అంకెలున్నాయి,
ఇంత తెలుపు, ఇంత గోధుమ అని గ్రాముల్లో.
అనంతపురం ఎండను తూకమేసి
ఎవరు రాసినారు?

డబ్బా మూతలో కలిపినాడు.
అగ్గిపుల్ల మొనంత నలుపు.
పసుపు, పడిందా లేదా అన్నంత.
రేకు ముక్క మీద కొట్టి, ఆరబెట్టి,
తలుపు పక్కన పెట్టి మిట్టమధ్యాహ్నం చూసినాడు,
నీడలో చూసినాడు,
గొంతు కూర్చుని వార నుంచి చూసినాడు.
"ట్యూబులైటు కింద అన్నీ కలుస్తాయి సార్,
దాన్ని నమ్మొద్దు."
తొమ్మిదో ముక్క దగ్గర
చారుకు ఉప్పు సరిపోయినప్పుడు మా అమ్మ చేసే చప్పుడు
నాలికతో చేసినాడు.

అప్పుడు కనపడినాయి అతని ముంజేతులు.
మణికట్టు నుంచి పైకి తెల్లటి మచ్చలు.
థిన్నరు పడి కాలిందా అంటే
"బొల్లి సార్. దీనికింకా కోడు దొరకలే"
నవ్వి, గన్ను కడుక్కోను పోయినాడు.

ఆషాఢం గాలి.
పట్టపగలు కొడితే ఊరి దుమ్మంతా తలుపు మీదే.
అందుకని తెల్లారి నాలుగుకు,
మూడు రోజులకొకసారి వచ్చే నీళ్లలో రెండు బిందెలు
నేల మీద చల్లి,
ఫ్యాను ఆపి, బీడీ ఆపి,
పనిపిల్లోన్ని తుమ్మొద్దని చెప్పి
కొట్టినాడు.
ఒక పొర. ఆగి, ఇంకో పొర.
చివరిది పక్క తలుపు మీదికి పొగ మాదిరి జారనిచ్చి,
ఎక్కడ ఆగిందో తనకే తెలియనట్టు.

పొద్దెక్కినాక బండి బయటికొచ్చింది.
బుడ్డల పొట్టు రంగు. మొత్తం.
వంగి చూసినాను, గోటితో గీరబోయి ఆగినాను.
గీత ఉన్న చోటు నాకే గుర్తు రాలేదు.
బేరమాడను తప్పు దొరకక
అడిగినంతా ఇచ్చినాను.

లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని
"మూడేండ్లకు మల్లా తెలుస్తాది" అన్నాడు.
"పాతది ఎండకు అలవాటు పడింది.
ఇదింకా పడల్ల."

ఇంటి ముందర కానుగ నీడ ఉంది,
రోజూ అక్కడే ఆపేది.
ఇప్పుడు నాలుగడుగులు ముందుకు తెచ్చి
ఎడమ తలుపును
పడమటికి తిప్పి పెడుతున్నాను.