విచారణ బల్ల

గ్రిమ్స్‌బీ లైబ్రరీలో నా బల్ల మీద చిన్న బోర్డు.
తెలుగులో చదువుకుంటే "విచారణ".
ఠాణా మాటలా ఉంటుంది,
సగం అదే పని.

ఒక్కరూ తమకు కావాల్సింది అడగరు.
దాని పక్కింటి తలుపు తడతారు.

డెనీస్‌కు పుస్తకం కావాలి,
అవతలి వాళ్ళ చెట్టు వేళ్ళే తన గోడను చీల్చాయని
రాసి ఉన్నది మాత్రమే.
మూడు కాళ్ళ కుందేలును ముందే పట్టుకొచ్చింది,
నాలుగో కాలు కనబడిన పేజీని
టప్పున మూసేసింది.

స్కూలు యూనిఫాంలో ఒక పిల్లాడు:
తిమింగలం బరువెంత?
చెప్పాను.
వెళ్ళినట్టే వెళ్ళి, వెనక్కొచ్చి,
దానికి స్నేహితులుంటారా?

నేను మాత్రం?
రాత్రి పొన్నగంటి కూర కోసం
ఇంగ్లిషు అక్షరాల్లో తడుముకుంటే
ఫోను గుర్రప్పిల్లల్ని చూపించింది.
నవ్వొచ్చింది. మళ్ళీ కొట్టాను, ఇంకో స్పెల్లింగుతో.
ఆకు దొరికింది చివరికి.
దొరికాక తెలిసింది, ఆకలి లేదని.

టాస్కర్ గారిది మంగళవారం.
మొదటిసారి ఆటుపోట్ల పట్టిక అడిగారు,
డెబ్బై ఒకటి నవంబరుది.
అట్ట మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుని
ఇది కాదన్నారు.
వాతావరణం తీశాను. కాదు.
రేవు చిట్టాలు, చేపల ధరలు, పాత పత్రికలు,
బండి నిండా తోసుకొచ్చాను.
కాదు, కాదు.
ప్రతిసారీ "థాంక్యూ లవ్", తడిసిన టోపీ.

నాలుగో వారం, టోపీ పిండుకుంటూ, ఎటో చూస్తూ చెప్పారు:
ఆ పొద్దున ఓడ ఎక్కాల్సింది తను.
పంతొమ్మిదేళ్ళు. నిద్ర లేవలేదు.
తన బదులు ఎక్కినవాడి పేరు
నాకు చెప్పలేదు.

రేవు తలుపులు పోటు మీదే తెరుస్తారిక్కడ.
పది నిమిషాలు ఆగగలిగేదా ఓడ?
అదీ ప్రశ్న.
జవాబు మొదటి పుస్తకంలోనే ఉంది.
బిడ్డ చంకలోనే ఉన్నాడని తెలిసే
ఊరంతా తిరిగాడు మనిషి.

నిన్న మళ్ళీ అదే పట్టిక తెమ్మన్నారు.
పేజీ ఆయనే తిప్పారు.
ఒక వరస మీద వేలుంచి, చదివి పెట్టు,
కళ్ళజోడు మరిచిపోయానన్నారు.
మెడలో తాడుకు వేలాడుతూనే ఉంది.

ఆరూ నలభై, అన్నాను.

ఆయన
చేతి వాచీ చూసుకున్నారు.