ఒక్కటే యూ

పీటర్‌హెడ్ రేవులో, గురువారం సాయంత్రాలు,
లైబ్రరీ మేడమీది గదిలో
ఇంగ్లీషు ఈమెయిళ్లు రాయడం నేర్పుతాను.
హీటర్ ఒక పక్కే పనిచేస్తుంది,
అందుకని అందరూ ఆ పక్కకే ఒదుగుతారు,
ఎంత తోమినా వదలని చేపల వాసనతో,
ఎర్రబడి ఉబ్బిన వేళ్లతో.

ముందు సబ్జెక్టు, అంటాను.
తలుపు తట్టి, ఎందుకొచ్చారో చెప్పండి.
ఒక పేరాకి ఒకటే పని.
'ఐ వాంట్' కొట్టెయ్యండి,
'ఐ వుడ్ బీ గ్రేట్‌ఫుల్' అనండి.
అడిగేది అవే చేతి తొడుగులు,
కాకపోతే కాస్త వంగి అడుగుతారు.
పేరు తెలియకపోతే ఫెయిత్‌ఫుల్లీ, తెలిస్తే సిన్సియర్లీ.
ఎందుకలా, అన్నాడు యోర్డాన్.
ముప్పై ఏళ్లు బడిలో చెప్పాను, నాకూ తెలీదు.
దగ్గి ఊరుకున్నాను.

జింత్రా చెయ్యెత్తింది. లాత్వియా మనిషి,
పద్నాలుగేళ్లుగా హాడక్ ముళ్లు తీస్తోంది.
"ఈ యూ, ఏ యూ?"
వాళ్ల భాషలో నువ్వు వేరట, మీరు వేరట.
"మాకు ఒక్కటే. మేనేజరుకీ అదే, కుక్కపిల్లకీ అదే."
"మరి మర్యాద ఎక్కడ పెట్టుకుంటారు?"
హీటర్ కూడా టిక్కుమనడం ఆపింది.
కామాల్లో, అన్నాను చివరికి. కుడ్‌లో, వుడ్‌లో.

ఆ వారమే రాసింది తను:
సబ్జెక్టు, మూడో లైన్లో చిరిగిన తొడుగులు.
మూడు పేరాలు, ఒక అటాచ్‌మెంట్,
బొటనవేలి మీది గాటు.
సోమవారానికి కొత్తవి వచ్చాయి, నీలంవి,
అందరికీ ఒక సైజు పెద్దవి.

మరుసటి గురువారం స్నేహితులకి రాసే పాఠం.
హాయ్ అనండి చాలు.
డూ, నాట్ మధ్య ఎడం తీసెయ్యండి, డోంట్ అనండి,
దగ్గరివాళ్ల దగ్గర మాటలూ దగ్గరగా కూర్చుంటాయి.
అంతా పది నిమిషాల్లో ముగించారు.
జింత్రా తెర మాత్రం తెల్లగా ఉంది.

ఫిలొమెనాకి రాయాలి. తిమోర్ పిల్ల,
ఎనిమిదేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ.
ఒక కత్తి కనబడలేదు. జింత్రా ఒక మాట అంది.
ఇద్దరికీ కలిసిన భాష ఇంగ్లీషొకటే,
ఆ మాటా అందులోనే అంది:
థీఫ్.
ఫిలొమెనా ఆ నెలలోనే షెట్లాండ్ పడవెక్కేసింది,
అక్కడా చేపలే.
కత్తి తర్వాత దొరికింది,
జింత్రా బూటులోనే.

గంట కొట్టే వేళకి చూశాను. ఆ ఇంగ్లీషు నా చెవికి ఇలా వినబడింది:
మేడమ్, నవంబరు నాలుగో తేదీ నాటి
కత్తి విషయమై రాయుచున్నాను.
సదరు కత్తి నా వద్దనే లభ్యమైనది.
తమకు కలిగిన అసౌకర్యమునకు మిక్కిలి చింతించుచున్నాను.
తమ ప్రత్యుత్తరమునకై ఎదురుచూచుచు.

ఎర్ర పెన్ను తీశాను.
"స్నేహితురాలికి ఇలా రాయరు."
"తెలుసు," అంది. "చనువు పోగొట్టుకున్నాగా,
మళ్లీ మీరు దగ్గర్నుంచే నడిచి రావాలి."
పెన్ను మూత పెట్టేశాను.

రెండు గురువారాలు ఏమీ లేదు.
మూడో గురువారం, కోటు కూడా విప్పకుండా
ఫోను నా ముక్కు కింద పెట్టింది.
సబ్జెక్టు లేదు, సంబోధన లేదు,
పెద్దక్షరం లేదు, చుక్క లేదు.
కత్తి దొరికిందిగా మంచిది అక్కడ చలా
అంతే.
యూ అని కూడా పూర్తిగా రాయలేదు,
మూడక్షరాల్లో రెండు మింగేసి
ఒంటి యు.

జింత్రా దాని మీద వేలు పెట్టింది.
"ఇది నువ్వే కదా?"

స్పెల్లింగు తప్పని చెప్పడానికే
నాకు జీతమిచ్చేది.
అవును, అన్నాను.