అయిదు మిల్లీలీటర్లు

ఇరవై రెండేళ్ళు ఒకే పచ్చ నోటుబుక్కు చదివాను
గుణుపురం కాలేజీలో, ఫేను కింద.
ఒక టీ చెంచా అంటే అయిదు మిల్లీలీటర్లు.
రాసుకోండి.
రాసుకున్నారు.
వంశధార మీంచి గాలొస్తే కునికారు కూడా.

ఈ ఏడు బల్లలు తిప్పేశాం.
నలుగురికో బల్ల, ఒక కొలజాడీ, సీసాడు నీళ్ళు.
ఎవరింటి చెంచా వాళ్ళు తెండి, అన్నాను. అంతే,
ఆపైన నాకు పని లేదు.
పెళ్ళివారింట్లో ఎవరూ పని చెప్పని చుట్టంలా
గోడకి ఆనుకున్నాను.

పొట్నూరు హేమసుందరం తెచ్చింది
వాళ్ళ కొట్లో నెయ్యి చెంచా: ఎనిమిదిన్నర.
లోపాముద్ర సాబత స్టీలు చెంచా: నాలుగు కూడా లేదు.
"అందుకేనా మా తమ్ముడి దగ్గు తగ్గందీ!"
హాస్టల్ మెస్సుది వంకర. రెండుసార్లకి రెండు లెక్కలు,
"నువ్వు వొంపీసినావు", "నీ చూపే వంకర",
కాసేపు దెబ్బలాట.
నీటిమట్టానికి సరిగ్గా కన్నుండాలని
ఏటేటా నేను చెప్పి చెప్పి అరిగిపోయిన మాట
ఒకరి మెడ ఒకరు వంచి నేర్పుకున్నారు.

ఎస్తేరు రైకా చెంచా తేలేదు.
పుట్టాసింగి కొండమీది పిల్ల.
సంచీలోంచి అడ్డాకు తీసి
మడిచి, మూల నొక్కి, పుల్ల గుచ్చింది.
"మా ఇంట్లో ఇదే సార్. అంబలికీ ఇదే, మందుకీ ఇదే."
పోసి కొలిచారు. పంతొమ్మిది.
ఎండాకైతే పదహారు.
ఫేను చప్పుడు అప్పుడు వినిపించింది నాకు.
పచ్చ పుస్తకంలో అడ్డాకు లేదు.

నాలుగు తలలు దగ్గరకొచ్చాయి.
సవర, ఒడియా, తెలుగు, మళ్ళీ సవర.
ఎవరికి తట్టిందో ఇప్పటికీ తేలలేదు గానీ
లోపాముద్ర గోళ్ళరంగు బయటికొచ్చింది,
సీసా మూతలో అయిదు దగ్గర ఎర్రగీత,
చీకట్లో వేలికి తగిలేలా రెండు పూతలు.

హేమసుందరం ముసలి రోగయ్యాడు.
చెవుడు నటించి అయిదుసార్లు అడిగాడు, వెధవ.
ఎస్తేరు విసుక్కోకుండా
ఆరోసారి చెప్పింది, గీత చూపిస్తూ.
మార్కులు ఆ ఆరోసారికే వేశాను.

పరీక్షలో వచ్చింది: టీ చెంచా ఎన్ని మిల్లీలీటర్లు?
అందరూ అయిదే రాశారు.
ఎస్తేరు కూడా అయిదే రాసి
పక్కన, చిన్నగా, పెన్సిలుతో:
ఎవరి చెంచా?

ఆ రాత్రి మా వంటింట్లో
డబ్బాలో చెంచాలన్నీ దింపి
ఒక్కోటీ కొలుస్తూ కూర్చున్నాను.
"ఏటిది, ఈ వేళప్పుడు?" అంది మా ఆవిడ.
ఉండు, అన్నాను,
ఈ జాడీ కాస్త
కంటికి నేరుగా పట్టుకో.